పల్నాడులో ప్రత్యామ్నాయ మాంసకృత్తులు: ఫాస్ట్‌ఫుడ్‌తో పోలిక

నిర్వచనం, పరిధి

బజారులో మామూలుగా దొరికే కోడి, మేక, చేప, గుడ్డు, పాలు కాక, శరీరానికి మాంసకృత్తులు (ప్రొటీన్లు) అందించే ఇతర ఆహారాలను ప్రత్యామ్నాయ మాంసకృత్తుల వనరులు అంటారు. పప్పుధాన్యాలు, నూనెచెక్కలు, కీటకాలు, నత్తలు, పుట్టగొడుగులు, నాచు, సోయా ముద్దలు, ప్రయోగశాలలో కణాలను పెంచి తయారుచేసే మాంసం ఈ కోవలోకి వస్తాయి. వీటిలో కొన్ని గత ఇరవై, ముప్పై ఏళ్లలో శాస్త్రవేత్తలు రూపొందించినవి. చాలావరకు మాత్రం మన పల్లెల్లో తరతరాలుగా తింటున్నవే.

2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, వినుకొండ, చిలకలూరిపేట ఇందులోని ముఖ్య పట్టణాలు. ఉత్తరాన కృష్ణానది, పడమర నల్లమల అడవి, మధ్యలో నల్లరేగడి, ఎర్రచెల్క భూములు ఉన్నాయి. పంటపొలం, అడవి, ఏరు మూడూ దగ్గరగా ఉన్న ప్రాంతం కావడంతో ఇక్కడ మాంసకృత్తులు దొరికే దారులు కూడా రకరకాలు.

ఫాస్ట్‌ఫుడ్ అంటే అడిగిన కొద్ది నిమిషాల్లో వండి చేతికిచ్చే ఆహారం. బర్గర్లు, వేయించిన కోడి అమ్మే కంపెనీ దుకాణాలు ఒక రకం. సాయంత్రమయ్యేసరికి రోడ్డు పక్కన వెలిసే నూడుల్స్, ఫ్రైడ్ రైస్, చికెన్ పకోడీ బండ్లు రెండో రకం. పల్నాటి పట్టణాల్లో జనం ఎక్కువగా ఎరిగినవి ఈ బండ్లే.

మనిషికి ఎంత కావాలి

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి రోజుకు, శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 65 కిలోల పురుషుడికి ఇది సుమారు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు.

అయితే పరిమాణం ఒక్కటే చూస్తే చాలదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో తొమ్మిదింటిని శరీరం తనంతట తాను తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. బియ్యం, జొన్నల్లో లైసిన్ తక్కువ. పప్పుల్లో లైసిన్ బాగా ఉంటుంది గాని మెథియోనిన్ తక్కువ. అన్నం, పప్పు కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. అందుకే అన్నంలో పప్పు కలుపుకుని తినే అలవాటుకు పోషకాహార శాస్త్రం గట్టి సమర్థన ఇస్తోంది.

చారిత్రక నేపథ్యం

కాలువ నీళ్లు రాకముందు పల్నాడు మెట్ట ప్రాంతం. జొన్న, సజ్జ, కంది, ఉలవ, ఆముదం ఇక్కడి పంటలు. 15వ శతాబ్ది కవి శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటి జొన్నకూడును ఈసడించాయి. పోషకాల లెక్క చూస్తే ఆ ఈసడింపుకు ఆధారం లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాములు, మరపట్టిన బియ్యంలో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. పీచు కూడా జొన్నలోనే ఎక్కువ.

ఈ నేల మీద భోజనం చరిత్రకెక్కిన సందర్భం ఇంకొకటి ఉంది. 12వ శతాబ్దపు పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు ఇక్కడిదే. కార్తీకమాసంలో కారెంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాల్లో దాన్ని నేటికీ పాటిస్తున్నారు. ఎవరు ఏం తింటారనే దాన్నిబట్టి మనుషులకు ఎక్కువ తక్కువలు అంటగట్టిన సమాజంలో ఈ సంప్రదాయానికి ప్రాధాన్యం ఉంది. ఎలుకలు, నత్తలు, ఉసిళ్ళు తినేవాళ్లు ఆ సంగతి బయట చెప్పుకోవడానికి జంకడం వెనక ఉన్నది రుచి కాదు, ఈ తక్కువ చూపే.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ కింద వరి, ఆ తరువాత పత్తి, మిరప విస్తరించాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆకలి తగ్గింది, అది పెద్ద మేలు. కాకపోతే జొన్నసంకటి, ఉలవ గుగ్గిళ్ళు రోజువారీ తిండి నుంచి క్రమంగా పక్కకు జరిగి, కంచంలో తెల్లన్నం వాటా పెరిగింది.

ఇంకోవైపు కోడిమాంసం చవకైంది. 1971లో బి.వి. రావు స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ వంటి సంస్థల వల్ల ఫారంకోడి ఊరూరికీ చేరింది. 1983లో మ్యాగీ నూడుల్స్ మన దేశంలోకి వచ్చాయి. 1994లో పామోలిన్ దిగుమతులను ప్రైవేటు వ్యాపారులకు తెరిచారు. చవక కోడి, చవక నూనె, మైదా నూడుల్స్ మూడూ అందుబాటులోకి రావడంతో బండి వ్యాపారానికి దారి సుగమమైంది.

పప్పుధాన్యాలు (చూడండి: కంది, ఉలవ, లాం పరిశోధన స్థానం)

పల్నాడు పేరు పెట్టుకున్న కంది వంగడమే ఒకటుంది. గుంటూరు దగ్గర లాం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన ఎల్‌ఆర్‌జీ-30 రకాన్ని రైతులు ‘పల్నాడు కంది’గా ఎరుగుదురు. దీర్ఘకాలిక రకం ఇది. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి వాన ఆలస్యమైనా తట్టుకుంటుంది. పత్తి, మిరప చేలల్లో అంతరపంటగా సాళ్ల మధ్య వేస్తారు. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి నేలకు ఇస్తుంది. గింజ ఇంటికి, పొట్టు గొడ్డుకు, కందికంప పొయ్యికి పోతాయి. ఎల్‌ఆర్‌జీ-41, ఎల్‌ఆర్‌జీ-52 వంటి తరువాతి రకాలు, ఎల్‌బీజీ-752 వంటి మినుము రకాలు కూడా లాం నుంచే వచ్చాయి.

100 గ్రాముల కందిపప్పులో సుమారు 22, మినప్పప్పులో 23, పెసరపప్పులో 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. చర్మం లేని కోడి రొమ్ముమాంసంలో కూడా ఇంచుమించు 22 గ్రాములే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పప్పు లెక్క ఎండు గింజది, మాంసం లెక్క పచ్చిది. ఉడికిన పప్పులో సగానికి పైగా నీరే కాబట్టి గిన్నెడు పప్పు గిన్నెడు మాంసానికి సమానం కాదు. పప్పు జీర్ణమయ్యే పాలు కూడా మాంసం కంటే కొంత తక్కువ. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఆ తేడా తగ్గుతుంది. ఇడ్లీపిండి, పెసరమొలకలు ఆ పనే చేస్తాయి.

ఉలవలో కూడా 22 గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి. ఎద్దుల కోసం పెద్ద కాగులో ఉలవలు ఉడికించి, గింజ వాటికి పెట్టి, మిగిలిన కట్టును చింతపండు పులుసు, పోపు వేసి చిక్కబడేదాకా మరిగిస్తే ఉలవచారు. అరక ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఇళ్లలో ఆ కాగు ఎక్కడం అరుదైంది. ఉలవచారు మాత్రం విందుభోజనాల్లోకీ హోటళ్లలోకీ ఎక్కింది. అలసందలు (బొబ్బర్లు), అనుములు కూడా ఈ నేల పంటలే. సంతల్లో ఉడికించి అమ్మే శనగ గుగ్గిళ్ళు ఎప్పటినుంచో ఉన్న ఫాస్ట్‌ఫుడ్ అనే చెప్పాలి. దాని విలువ పోలిక విభాగంలో తెలుస్తుంది.

నూనెచెక్కలు (చూడండి: తెలగపిండి, వేరుశనగ)

గింజలోంచి నూనె పిండాక మిగిలే చెక్కలో మాంసకృత్తులు చిక్కబడి ఉంటాయి. తెలుగువారి వంటింట్లో దీనికి మంచి ఉదాహరణ తెలగపిండి, అంటే నువ్వులనూనె తీశాక మిగిలిన పిండి. మునగాకును ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ఉడికించి, ఆ నీరు ఇంకా ఉండగానే తెలగపిండి చల్లి కలుపుతూ పొడిపొడిగా అయ్యేవరకూ మగ్గిస్తారు. పైన దంచిన వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో పోపు. బాలింతలకు పాలు పడతాయని ఈ కూర పెట్టడం ఆనవాయితీ. పప్పుల్లో కొరతగా ఉండే మెథియోనిన్ నువ్వుల్లో సమృద్ధిగా ఉంటుంది. కాబట్టి పప్పన్నం పక్కన తెలగపిండి కూర ఉంటే ఆ భోజనం మాంసకృత్తుల పరంగా ఎంతో మెరుగు. ఇంత చవకైన, ఇంత మంచి వంటకం కొత్త తరానికి పేరు కూడా తెలియకుండా పోవడం బాధాకరం.

వేరుశనగ చెక్క మీద ప్రభుత్వ స్థాయిలోనే పెద్ద ప్రయోగం జరిగింది. 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ), నూనె తీసిన వేరుశనగ పిండి 75 పాళ్లు, శనగపిండి 25 పాళ్లు కలిపి, విటమిన్లు, ఖనిజాలు చేర్చి ‘ఇండియన్ మల్టీపర్పస్ ఫుడ్’ తయారుచేసింది. అందులో 40 శాతానికి పైగా మాంసకృత్తులుండేవి. పేదల ఆకలికి ఇది జవాబవుతుందని ఆశించారు. ఇంతలో 1960లో ఇంగ్లండులో టర్కీకోళ్లు లక్షకు పైగా చనిపోయాయి. అవి తిన్న వేరుశనగ చెక్కలో బూజు వదిలిన విషం ఉందని తేలింది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయ క్యాన్సరుకు దారితీసే ఆ విషం, తడిసి సరిగా ఎండని కాయల్లో ఎక్కడైనా పుట్టవచ్చు. వేరుశనగ చెక్కను మనుషుల తిండిగా వాడాలంటే అప్పటినుంచి పరీక్ష తప్పనిసరి అయింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ విషాన్ని చవకగా గుర్తించే పరీక్షా పద్ధతులను రూపొందించింది.

పత్తిగింజ (చూడండి: పత్తి, గాసిపాల్)

పల్నాడులో విస్తారంగా పండేదీ, మనుషులు నేరుగా తినలేనిదీ అయిన మాంసకృత్తుల వనరు పత్తిగింజ. కిలో దూదికి సుమారు 1.6 కిలోల గింజ వస్తుంది. గింజపప్పులో 20 శాతానికి పైగా మాంసకృత్తులుంటాయి. అయితే పత్తిమొక్క పురుగుల నుంచి తనను కాపాడుకోవడానికి గాసిపాల్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. గింజలో చిన్న నల్లచుక్కల్లా కనిపించే గ్రంథుల్లో అది నిండి ఉంటుంది. మనుషులకు, కోళ్లకు, పందులకు అది విషం. గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మగవారిలో వీర్యకణాలను తగ్గిస్తుందని గమనించి చైనాలో 1970లలో దాన్ని కుటుంబనియంత్రణ మందుగా కూడా పరీక్షించారు.

నెమరువేసే పశువులు మాత్రం దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. అందుకే పత్తిగింజలు, పత్తిచెక్క పాడిగేదెలకు పోతాయి. గేదె వాటిని పాలుగా మారుస్తుంది. నరసరావుపేట హోటల్లో తాగే టీలోని పాలకు వెనక ఉన్నది కొంతవరకు ఈ పత్తిచెక్కే. గేదె కడుపు గుండా పోయే ఈ దారిలో చెక్కలోని మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం పాలలోకి రాకుండానే ఖర్చయిపోతుంది.

అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే భారతీయ సంతతి శాస్త్రవేత్త కీర్తి రాథోర్ బృందం మొక్క ఆకుల్లో, కాండంలో గాసిపాల్‌ను అలాగే ఉంచి, గింజలో మాత్రం దాదాపు లేకుండా చేసే జన్యు పద్ధతిని 2006లో ప్రకటించింది. ఆకుల్లో ఉంటుంది కాబట్టి మొక్కకు పురుగుల నుంచి రక్షణ పోదు. ఈ పత్తి సాగుకు అమెరికా వ్యవసాయశాఖ 2018లో, గింజను ఆహారంగా వాడటానికి అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2019లో అనుమతినిచ్చాయి. ప్రపంచంలో పండే పత్తిగింజ మొత్తం తినదగినదైతే ఏటా 50 కోట్ల మందికి సరిపడా మాంసకృత్తులు అందుతాయని ఆ బృందం అంచనా. పత్తిధర కోసం ఏటా ఆకాశంవైపు చూసే పల్నాటి రైతుకు ఇది పట్టించుకోవలసిన విషయం.

కీటకాలు (చూడండి: ఉసిళ్ళు, చెంచులు)

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మంది ఆహారంలో కీటకాలు భాగం. తినే జాతులు 1,900కు పైగా ఉన్నాయి. తెలుగునాట వీటిలో అందరికీ తెలిసినవి ఉసిళ్ళు. ఉసుళ్ళు, ఈసుళ్ళు అని కూడా అంటారు. ఇవి రెక్కలొచ్చిన చెదపురుగులు.

తొలకరి వానలు పడి నేల తడిశాక, మునిమాపు వేళ పుట్టల్లోంచి ఇవి గుంపులుగా లేస్తాయి. వెలుతురుకు ఆకర్షితమవుతాయి. దీపం కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడితే వచ్చి పడతాయి. తీసి ఆరబెట్టి, నూనె లేకుండా మంగలంలో వేయిస్తారు. వేగేటప్పుడు వాటి కొవ్వే కరిగి కమ్మటి వాసన వస్తుంది. చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి. ఉప్పు, కారం కలిపి, మరమరాలతోనో వేయించిన బియ్యంతోనో తింటారు. ఆఫ్రికాలో తినే చెదపురుగుల విశ్లేషణలో ఎండు బరువులో మూడోవంతుకు పైగా మాంసకృత్తులు, అంతకంటే ఎక్కువ కొవ్వు ఉన్నట్టు తేలింది. ఏడాదిలో కొద్ది రోజులే దొరుకుతాయి కాబట్టి ఇవి రోజువారీ తిండి కాలేవు.

మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల్లో చెంచుల గూడేలున్నాయి. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంతో నల్లమల చెంచుల జీవనం ప్రపంచానికి వివరంగా తెలిసింది. దుంపలు, పళ్లు, తేనె వారి పాత ఆహారం. తేనెపట్టులోని పిల్లపురుగు కూడా వారికి తిండే. ఉడుము వంటి జంతువుల వేట మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో నిషిద్ధమైంది. అడవి తిండిలో మాంసం వాటా పోయిన చోట రేషన్ బియ్యం వచ్చింది గాని, సరిపడా పప్పు రాలేదు.

ఉత్తరాంధ్ర, గోదావరి మన్యంలో ఈతచెట్ల మొవ్వులో దొరికే బొడ్డెంగులను కూర వండుకుంటారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది. యూరోపియన్ యూనియన్ 2021లో ఎండబెట్టిన మీల్‌వర్మ్‌ను, సింగపూర్ 2024లో 16 రకాల కీటకాలను ఆహారంగా అనుమతించాయి. హిందూపురం వైపు పట్టు తీశాక మిగిలే ప్యూపాలో సగానికి సగం మాంసకృత్తులే. అది ఎక్కువగా కోళ్ల, చేపల దాణాకు పోతోంది.

ఎలుక, నత్త, ఈము, గాడిద

వరిపొలాల్లో ఎలుకలు పట్టడం యానాదుల సంప్రదాయ వృత్తి. కన్నాలు వెతికి, పొగ ఊది, బుట్టలు పెట్టి పడతారు. రైతు కూలి ఇస్తాడు, పట్టిన పొలం ఎలుకను వాళ్లు కాల్చి వండుకుంటారు. పంటకు రక్షణ, ఇంటికి మాంసం ఒకే పనిలో దొరుకుతాయి. ప్రమాదాలు కూడా ఉన్నాయి. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయొలోన్ వంటి మందు తిన్న ఎలుక మనిషికీ హాని చేస్తుంది. కన్నాల్లో చేతులు పెట్టేవారికి ఎలుకజ్వరం (లెప్టోస్పైరోసిస్) సోకే అవకాశం ఎక్కువ. నత్తలు చెరువుల్లో, కాలువల్లో దొరుకుతాయి. పరాన్నజీవుల భయం ఉంది కాబట్టి బాగా ఉడికించక తప్పదు.

ఈముపక్షి కథ వేరు. ఎర్రగా, కొవ్వు తక్కువగా ఉండే ఈము మాంసం గొప్ప లాభమిస్తుందన్న ప్రచారంతో 2000ల తరువాత దేశంలో ఫారాలు విపరీతంగా వెలిశాయి. అందులో ఆంధ్రప్రదేశ్‌దే ముందువరస. పిల్లలను అమ్మి లాభం తీయడమే వ్యాపారమైంది గాని మాంసం కొని తినేవారు తయారు కాలేదు. 2012లో తమిళనాడులో పెద్ద ఈము సంస్థ కుప్పకూలి వేలమంది మదుపరులు మునిగిపోవడంతో ఈ మోజు ముగిసింది. తినేవాళ్లు లేకుండా పెంచేవాళ్లే ఉంటే ఏమవుతుందో ఈ ఉదంతం చూపింది.

గుంటూరు, బాపట్ల, ప్రకాశం ప్రాంతాల్లో గాడిదమాంసం తింటే బలం వస్తుందని, ఉబ్బసం తగ్గుతుందని ఒక నమ్మకం ఉంది. దీనికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. 2011 ఆహార భద్రతా నిబంధనలు గుర్తించిన మాంసజంతువుల జాబితాలో గాడిద లేదు. అంటే దాని మాంసం అమ్మకం చట్టవిరుద్ధం. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు దాడిచేసి పెద్ద మొత్తంలో ఈ మాంసాన్ని పట్టుకున్నారు. దేశంలో గాడిదలు 2012 పశుగణనలో సుమారు 3.2 లక్షలుంటే 2019 నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. ఆరోగ్యపరీక్ష లేకుండా, దొంగచాటుగా కోసే ఈ మాంసాన్ని ప్రత్యామ్నాయంగా పరిగణించడానికి వీల్లేదు.

మీల్‌మేకర్, పుట్టగొడుగు, నాచు, ప్రయోగశాల మాంసం

కిరాణా కొట్లో దొరికే మీల్‌మేకర్, నూనె తీసిన సోయాపిండిని వేడిలో, ఒత్తిడిలో యంత్రం గుండా నెట్టి మాంసంలా పీచుగా చేసిన ముద్ద. అమెరికాలో 1960లలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ సంస్థ ఈ తయారీని వ్యాపారస్థాయికి తెచ్చింది. ఎండు ముద్దలో దాదాపు 50 శాతం మాంసకృత్తులే. 30 గ్రాములు నానబెడితే 15 గ్రాములు వస్తాయి. శాకాహార భోజనాల్లో మసాలా కూరగా, బిర్యానీలో ముక్కగా ఇది బాగా కుదురుకుంది.

వరిగడ్డి మీద పెంచే ముత్యపుచిప్ప పుట్టగొడుగు మంచిదే గాని, తాజాగా ఉన్నప్పుడు 90 శాతం దాకా నీరే కాబట్టి మాంసకృత్తుల కోసం దానిమీద ఆధారపడలేం. స్పిరులినా నాచు ఎండుపొడిలో 55 నుంచి 70 శాతం దాకా మాంసకృత్తులుంటాయి. ఖరీదెక్కువ కావడంతో చెంచాల లెక్కనే వాడకం సాగుతోంది. కణాల నుంచి మాంసం పెంచే పరిశోధనకు 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ), జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి నిధులిచ్చింది. అలాంటి కోడిమాంసం అమ్మకానికి మొదట అనుమతించిన దేశం సింగపూర్ (2020 డిసెంబరు).

ఫాస్ట్‌ఫుడ్: బండి, దుకాణం

కేఎఫ్‌సీ 1995లో బెంగళూరులో, మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో దుకాణాలు తెరిచాయి. బండి మీది వంటకాలకు మూలం మరోచోట ఉంది. చికెన్ 65 చెన్నైలోని బుహారి హోటల్ పేరుతో, చికెన్ మంచూరియా 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ పేరుతో ముడిపడి ఉన్నాయి.

నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా బండి పనితీరు ఒకటే. మధ్యాహ్నమే నూడుల్స్ ఉడికించి, అంటుకోకుండా నూనె పట్టించి ఆరబెడతారు. సాయంత్రం గ్యాస్ మంట భగ్గున లేస్తుంటే ఇనప బాండలిలో నూనె, గుడ్డు, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్ వేస్తారు. తరువాత నూడుల్స్, సోయాసాస్, చిల్లీసాస్, వెనిగర్, టేస్టింగ్ సాల్ట్. రెండు నిమిషాల్లో ప్లేటు చేతికొస్తుంది. పనిచేసి అలసి వచ్చిన కూలీకి, హాస్టల్ విద్యార్థికి వేడివేడిగా, కడుపునిండా, అందుబాటు ధరలో దొరికే తిండి ఇది. బండి నడిపే కుటుంబానికి ఇదే బతుకుతెరువు. ఈ రెండు సంగతులూ మరిచిపోయి ఫాస్ట్‌ఫుడ్‌ను తిట్టిపోయడం సమంజసం కాదు.

పోలిక

మాంసకృత్తుల గ్రాములు మాత్రమే చూస్తే ఫాస్ట్‌ఫుడ్ మరీ వెనకబడి లేదు. 100 గ్రాముల ఎండు మైదా నూడుల్స్‌లో 10 గ్రాముల దాకా ఉంటాయి, గుడ్డు మరో 6 గ్రాములు చేర్చుతుంది. చికెన్ పకోడీలో ఇంకా ఎక్కువ. తేడా వాటి వెంట వచ్చేవాటిలో ఉంది. ఒక పెద్దచెంచా నూనెకు సుమారు 120 కేలరీలు. పెద్దచెంచా సోయాసాస్‌లో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. రోజంతటికీ ఉండవలసిన పరిమితి 2,000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాముల ఉప్పు. మైదాలో పీచు నామమాత్రం.

మెక్‌డొనాల్డ్స్ ఆలూటిక్కీ బర్గరు ఒక్కదానిలో కంపెనీ లెక్క ప్రకారం సుమారు 340 కేలరీలు, 8.5 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. 50 గ్రాముల శనగలతో చేసిన గుగ్గిళ్ళలో 9 గ్రాముల పైగా మాంసకృత్తులు, 12 గ్రాముల పీచు, పోపు నూనె కాక దాదాపు 145 కేలరీలు ఉంటాయి. సగం కేలరీలకే అంతకుమించిన మాంసకృత్తులు వచ్చాయన్నమాట. అన్నంలోకి 20 గ్రాముల కందిపొడి వేసుకుంటే 4 గ్రాములు చేరతాయి.

కొత్త ప్రత్యామ్నాయాలన్నీ ఆరోగ్యకరమని దీని అర్థం కాదు. బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మొంటేరో 2009లో ప్రతిపాదించిన నోవా వర్గీకరణ ఆహారాన్ని శుద్ధిచేసిన స్థాయినిబట్టి నాలుగు తరగతులు చేస్తుంది. కర్మాగారంలో తయారైన శాకాహార ‘మాంసం’ చాలావరకు నూడుల్స్, చిప్స్ ఉన్న నాలుగో తరగతిలోనే పడుతుంది. 2019లో అమెరికాలో బర్గర్ కింగ్ సోయాతో చేసిన ముద్ద పెట్టి అమ్మిన బర్గరులో ఉప్పు, మాంసపు బర్గరు కంటే తక్కువేమీ కాదు. రెండు లోకాలు కలిసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2025 జులైలో పశ్చిమ, దక్షిణ భారత మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు సోయా, బఠాణీలతో చేసిన, 5 గ్రాముల మాంసకృత్తులుండే ‘ప్రొటీన్ ప్లస్’ స్లైసును బర్గరులో పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. దాన్ని రూపొందించడంలో తోడ్పడింది, 1950లలో వేరుశనగ పిండితో మల్టీపర్పస్ ఫుడ్ తయారుచేసిన సీఎఫ్‌టీఆర్‌ఐయే.

భద్రత, చట్టం

పప్పుల్లోనూ ప్రమాదకరమైనవి ఉన్నాయి. కేసరిపప్పును నెలల తరబడి ప్రధాన ఆహారంగా తింటే కాళ్లు చచ్చుబడే లాథిరిజం వస్తుంది. దానికి కారణమైన పదార్థాన్ని 1964లో భారతీయ శాస్త్రవేత్తలే వేరుచేశారు. వారిలో ఒకరైన ఎస్.ఎల్.ఎన్. రావు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఈ పప్పు అమ్మకాన్ని 1961లోనే నిషేధించినా, శనగపిండిలో కల్తీగా కనిపిస్తూ వచ్చింది.

ఫాస్ట్‌ఫుడ్‌లో ప్రధాన సమస్యలు మాడిన నూనె, రంగులు, పచ్చిగుడ్డు. పదేపదే కాచిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతానికి మించకూడదు. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను కర్ణాటక 2024 మార్చిలో నిషేధించింది. అదే ఏడాది అక్టోబరు చివర పచ్చిగుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ఏడాదిపాటు నిషేధించింది. ప్రమాణాలు నిర్దేశించని ఆహారాలను వ్యాపారంగా అమ్మదలిస్తే 2017 నిబంధనల కింద ముందస్తు అనుమతి కావాలి.

ప్రభుత్వ పథకాలలో మాంసకృత్తులు (చూడండి: మధ్యాహ్న భోజనం, బాలామృతం)

పిల్లలకు మాంసకృత్తులు చేర్చడంలో ఇప్పుడు ఎక్కువ భారం మోస్తున్నవి బడి, అంగన్‌వాడీ. 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు తరువాత మధ్యాహ్నం వండిన భోజనం పెట్టడం తప్పనిసరైంది. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఈ పథకంలో అన్నం, పప్పుతో పాటు ఉడికించిన గుడ్డు, వేరుశనగ చిక్కీ, రాగిజావ ఇస్తున్నారు. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకిచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. పల్లీ చిక్కీలో పల్లీలు సగం ఉన్నాయనుకుంటే 25 గ్రాముల చిక్కీ నుంచి సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, గుడ్డు నుంచి 6 గ్రాములకు పైగా. కంది, మినుము విరివిగా పండే జిల్లాలో బడి భోజనంలోని పప్పు స్థానిక రైతుల నుంచే కొనవచ్చు. తెలగపిండి–మునగాకు కూర లాంటివి మాత్రం ఇంకా బడి పట్టికలోకి ఎక్కలేదు.